మార్కులు అడగని మనిషి

వంద మంది విద్యార్థులున్న ప్రతిచోటా ఒక కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు అసలు చేయాల్సిన పనేమిటి? వాళ్లను మనం చేయనిస్తున్నదేమిటి?

2023 జులైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. సొంతూరు పశ్చిమ బెంగాల్. దర్యాప్తు సరిగా సాగడం లేదని తండ్రి హైకోర్టుకు వెళ్లారు. అక్కడ ఫలితం దక్కక సుప్రీంకోర్టు మెట్లెక్కారు. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం 2025 జులై 25న కేసును సీబీఐకి అప్పగించింది. ఆ తండ్రి అడిగింది అంతవరకే. న్యాయమూర్తులు ఇంకో అడుగు ముందుకేసి, దేశంలోని స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నిటికీ వర్తించేలా పదిహేను మార్గదర్శకాలు రాశారు. పార్లమెంటో, శాసనసభలో చట్టం చేసేదాకా ఇవే చట్టం.

వంద, అంతకు మించి విద్యార్థులుంటే పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒక్కరుండాలి. అంతకంటే చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో రాతపూర్వకమైన ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచీలుగా విడగొట్టకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనబడేలా రాసిపెట్టాలి. తీర్పులో ముఖ్యమైన మాటలివి. ఈ కేసు పుట్టింది మన విశాఖలో. మార్కుల వారీ బ్యాచీలను ఓ పరిశ్రమ స్థాయికి తీసుకెళ్లిందీ మనమే. మన కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో వంద మంది అంటే ఒక్క అంతస్తు కూడా నిండదు.

కమిటీలు మనకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే ప్రొఫెసర్ నీరదా రెడ్డి కమిటీ వేశారు. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రొఫెసర్ చక్రపాణి కమిటీ వేశారు. నివేదికలు వచ్చాయి. హాస్టల్లో తెల్లవారుజామున మోగే బెల్లు మాత్రం అదే టైముకు మోగుతోంది. ఈసారి కోర్టు ఒక ఉద్యోగాన్ని పేరుపెట్టి మరీ తప్పనిసరి చేసింది. అందుకే ఆ ఉద్యోగం లోపల ఏముందో చూడాల్సి వస్తోంది.

ముందు లెక్కలు. జాతీయ నేర గణాంకాల బ్యూరో ప్రకారం 2013లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 8,423 మంది. 2023 నాటికి ఆ సంఖ్య 13,892కు చేరింది. పదేళ్లలో పెరుగుదల అరవై శాతం పైనే. ఇది చూడగానే మనకు పరీక్షలే గుర్తొస్తాయి. కానీ అదే బ్యూరో 2022 నివేదికలో పరీక్ష తప్పడమే కారణంగా నమోదైన మరణాలు 2,248. ఆ ఏడాది విద్యార్థుల మరణాలు 13,044. అంటే పోలీసులు పరీక్షల ఖాతాలో రాసినవి సుమారు ఆరింట ఒక వంతు. మిగతావాటి వెనుక ఇంట్లో గొడవలు, జబ్బులు, ప్రేమలు, అప్పులు, ఎవరికీ చెప్పుకోలేని హింస ఉన్నాయి. ఒక్కో మరణానికి ఒక్కటే కారణం రాసే పోలీసు ఫారం మీద పూర్తి నమ్మకం పెట్టుకోలేం గానీ, అది ఒక సంగతి మాత్రం గట్టిగా చెబుతోంది. కౌన్సెలర్ అంటే పరీక్షల ముందు వచ్చి టెన్షన్ తగ్గించే మనిషి అనుకుంటే మిగతా అయిదు వంతుల పిల్లలూ ఎవరి కంటా పడరు.

ఆ కంటపడటం ఎలా జరుగుతుందో దగ్గరి నుంచి చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఈ పని చేసేవాళ్లు నేర్చుకునే పద్ధతిని ఓ ఉదాహరణలో పెడుతున్నాను.

బైపీసీ సెకండియర్ అమ్మాయి. ఇల్లు కాలేజీకి రాత్రి ప్రయాణమంత దూరం. రెండు వీకెండ్ టెస్టుల్లో ర్యాంకు జారింది, సెక్షన్ మార్చారు. కొత్త సెక్షన్లో తెలిసిన మొహం లేదు. మెస్‌లో ఆలస్యంగా వచ్చి ఓ మూల నిలబడి రెండు ముద్దలు తిని పోతోంది. ఆదివారం ఇంటికి ఫోన్ చేయడానికి క్యూలో గంట నిలబడే పిల్ల, ఇప్పుడు రెండు నిమిషాల్లో పెట్టేస్తోంది. ఇవేవీ రిజిస్టర్లో ఎక్కవు. అటెండెన్స్ నూటికి నూరు ఉంది కాబట్టి ఫ్లోర్ ఇన్‌ఛార్జి లెక్కలో ఆ అమ్మాయికి ఏ సమస్యా లేదు. ఒక రాత్రి తన జువాలజీ రికార్డు, రంగు పెన్సిళ్లు, ఇష్టంగా కొనుక్కున్న వాటర్ బాటిల్ రూమ్మేట్‌కు ఇచ్చేసి, ఉంచుకోవే, నాకెందుకు అంది. రూమ్మేట్‌కు ఏదో తేడాగా అనిపించింది. ఎవరికి చెప్పాలి? వార్డెన్‌కు చెబితే ముందు తిట్లు, తర్వాత ఇంటికి ఫోను. లెక్చరర్‌కు చెబితే స్టాఫ్ రూమ్‌లో అందరికీ తెలుస్తుంది. అక్కడ ఒక కౌన్సెలర్ ఉండి, ఏడాది మొదట్లోనే ప్రతి క్లాసుకూ వచ్చి, స్నేహితురాలి గురించి చెప్పడం చాడీ కాదని చెప్పి ఉంటే, రూమ్మేట్ కాళ్లు అటు నడుస్తాయి.

కౌన్సెలర్ ఆ అమ్మాయిని మైకులో పేరు పెట్టి పిలిపించదు. మైకులో పిలుపు అంటే ఆ అంతస్తు మొత్తానికీ తెలిసినట్టే. టీ టైమ్‌లో తనే మెస్‌కు వెళ్లి పక్కన నిలబడుతుంది, నాతో రా అంటుంది. గదిలో కూర్చోబెట్టి ఆ మాటా ఈ మాటా అయ్యాక నేరుగా అడుగుతుంది.

“ఈ మధ్య చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?”

“అప్పుడప్పుడు మేడమ్.”

“ఈ వారంలో అనిపించిందా?”

“మొన్న రాత్రి.”

“ఎలా అన్నది కూడా ఆలోచించావా?”

చదివేవాళ్లకు ఈ ప్రశ్నలు గుండెల్లో రాయి పడ్డట్టు ఉంటాయి. పెద్దవాళ్లలో చాలామంది ఆ మాట ఎత్తడానికే జంకుతారు. లేని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందేమోనని భయం. ఈ భయాన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని హైస్కూళ్లలో రెండు వేలకు పైగా విద్యార్థులతో మాడెలిన్ గూల్డ్ బృందం చేసిన అధ్యయనం 2005లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. ఆత్మహత్య గురించి అడిగిన పిల్లల్లో, అడగని పిల్లలతో పోలిస్తే, అలాంటి ఆలోచనలు పెరగలేదు. కుంగుబాటుతో ఉన్న పిల్లలైతే అడిగాక కాస్త కుదుటపడ్డారు. 

జవాబు వినగానే మనింట్లో అయితే ఏం చేస్తాం? ఏడుస్తాం. చెయ్యి పట్టుకుని, నా మీద ఒట్టు, ఇంకెప్పుడూ అలా అనుకోనని చెప్పు అంటాం. పిల్ల ఒట్టు వేస్తుంది. మన ప్రాణం కుదుటపడుతుంది, పిల్లది కాదు. మళ్లీ ఆ ఆలోచన వచ్చినప్పుడు అమ్మకు చెబితే ఒట్టు తప్పినట్టవుతుందని దాచుకుంటుంది. పాశ్చాత్య దేశాల్లో డాక్టర్లు కూడా ఒకప్పుడు ఇలాంటి హామీ పత్రాల మీద సంతకాలు తీసుకునేవారు. అవి ప్రాణం కాపాడతాయన్న ఆధారం దొరకలేదు. వాటి స్థానంలో సేఫ్టీ ప్లాన్ వచ్చింది. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు రూపొందించిన పద్ధతి అది. ఒక్క కాగితం చాలు. ఆ ఆలోచన ముదురుతోందని నాకు ఎలా తెలుస్తుంది? అప్పుడు నా అంతట నేను చేయగలిగేదేమిటి? ఎవరి దగ్గరికి, ఎక్కడికి వెళ్తే మనసు మళ్లుతుంది? ఎవరికి విడమరిచి చెప్పగలను? డాక్టరు, హెల్ప్‌లైన్ నంబర్లేమిటి? నా చుట్టూ ప్రమాదకరమైనవి లేకుండా ఎలా చూసుకోవాలి? జవాబులు పిల్ల చెప్పాలి, రాత కూడా పిల్లదే. మన బైపీసీ అమ్మాయి అయితే తమ్ముడితో మాట్లాడతాను, స్నానం చేస్తాను, రెండో అంతస్తులో ఉండే మా ఊరి అక్క గదికి వెళ్తాను అని రాస్తుందేమో. అమెరికాలో ఎమర్జెన్సీ వార్డులకు వచ్చిన మాజీ సైనికులతో ఈ కాగితం రాయించి, తర్వాత ఫోన్లు చేస్తూ వాకబు చేస్తే, ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రయత్నాల వంటివి 45 శాతం తక్కువగా కనిపించాయని 2018లో ప్రచురించారు. మాజీ సైనికులు వేరు, మన హాస్టల్ పిల్లలు వేరు. అయినా ఒట్టు కంటే కాగితం మేలని చెప్పడానికి ఆ మాత్రం ఆధారం చాలు.

తర్వాతిది ఇంటికి ఫోను. ఇక్కడే అసలు పేచీ. “మా నాన్నకు మాత్రం చెప్పొద్దు మేడమ్” అని ప్రతి పిల్లా అంటుంది. తెలిసిన కౌన్సెలర్ ఈ సంగతి మొదటి రోజే తేల్చి ఉంచుతుంది. నువ్వు చెప్పేది ఈ గది దాటదు, మూడు సందర్భాల్లో తప్ప: నీ ప్రాణానికి ముప్పు ఉంటే, నీ వల్ల ఇంకొకరికి ముప్పు ఉంటే, నీ మీద ఎవరైనా లైంగిక వేధింపులకు పాల్పడుతుంటే. మూడోది కౌన్సెలర్ ఇష్టాయిష్టాలకు వదిలేసింది కాదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి, చేయకపోతే శిక్ష ఉంది. చెప్పక తప్పనప్పుడు కూడా పిల్ల వెనకాల చెప్పరు. నువ్వు చెబుతావా, నేను చెప్పనా, ఇద్దరం కలిసి చెబుదామా అని అడిగి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకునే ఫోన్ చేస్తారు.

“నమస్కారమండీ. కాలేజీ నుంచి కౌన్సెలర్‌ని మాట్లాడుతున్నాను. అమ్మాయి క్షేమంగా ఉంది, నా పక్కనే ఉంది.”

“ఫీజు గురించా మేడమ్? వచ్చే వారం కట్టేస్తానండీ.”

“ఫీజు గురించి కాదండీ.”

“మార్కులు తగ్గాయా మళ్లీ?”

“మార్కుల గురించి కూడా కాదు. అమ్మాయి మనసు బాగాలేదు. మీరు ఇవాళ బయల్దేరి రాగలరా? వచ్చాక కోప్పడొద్దు, ఏడవొద్దు, ముందు నాతో మాట్లాడండి. ఇంటికి తీసుకెళ్లేటట్లయితే పొలం మందులు, మాత్రలు అన్నీ అమ్మాయికి అందకుండా తాళం వేయించి రండి.”

కాలేజీ నుంచి ఫోన్ వస్తే తండ్రికి ఫీజు, మార్కులు తప్ప మూడో సంగతి తట్టదు. ఆయన తప్పేం లేదు. ఇన్నేళ్లలో మూడో సంగతి కోసం కాలేజీ ఒక్కసారైనా ఫోన్ చేసి ఉంటే కదా.

ఏడిపించే ఉపన్యాసాలు

ఏ కాలేజీనైనా అడగండి, మా దగ్గర కౌన్సెలింగ్ జరుగుతుందనే అంటారు. ఏమిటది అంటే చాలాచోట్ల ఒక ఆడిటోరియం, వెయ్యి మంది పిల్లలు, చేతిలో మైకుతో ఒక మోటివేషనల్ స్పీకర్. లైట్లు తగ్గిస్తారు, వెనకాల సన్నగా సంగీతం. మీ నాన్న చెప్పులు ఎలా అరిగిపోయాయో ఎప్పుడైనా చూశారా, మీ అమ్మ పుస్తెలు ఏ బ్యాంకులో ఉన్నాయో తెలుసా, వాళ్లు తిన్నారో లేదో మీకు తెలుసా అని ఒక్కో ప్రశ్నా సంధిస్తాడు. పది నిమిషాల్లో సగం హాలు వెక్కివెక్కి ఏడుస్తుంది. కొన్నిచోట్ల తల్లిదండ్రుల్ని పిలిచి కాళ్లు కడిగిస్తారు. వీడియో తీస్తారు. సాయంత్రానికి అది యూట్యూబ్‌లో ఉంటుంది. కార్యక్రమం అద్భుతంగా జరిగిందని యాజమాన్యం శాలువా కప్పుతుంది.

ఇలాంటివి దండగ అని సరిపెట్టుకోలేం. కొందరు పిల్లలకు ఇవి హాని చేస్తాయన్నది నా అభిప్రాయం. థామస్ జాయినర్ అనే మనస్తత్వవేత్త 2005లో రాసిన పుస్తకంలో ఆత్మహత్య వైపు నెట్టే ఆలోచనల్లో రెండింటిని ముఖ్యంగా ఎత్తిచూపాడు. నేను ఎవరికీ కావలసినవాణ్ని కాను అన్నది ఒకటి. నేను అందరికీ భారం, నేను లేకపోతే వాళ్లకు హాయి అన్నది రెండోది. ఆ హాల్లో కూర్చున్న వెయ్యి మందిలో మొదటి వరుస ర్యాంకర్లకు అమ్మ పుస్తెల కథ కసిని పెంచుతుందేమో. చివరి వరుసలో, ర్యాంకు జారి, సెక్షన్ మారి, ఇప్పటికే తనమీద పెట్టిన రెండు లక్షలు బూడిదలో పోసినట్టే అనుకుంటున్న పిల్లకు ఆ కథ ఏం చేస్తుంది? తను భారమన్న ఆలోచనకు మైకులో సాక్ష్యం దొరికినట్టే కదా. వెయ్యి మందిని ఒకేసారి ఏడిపించడం తేలిక. ఏడ్చి బయటికొచ్చిన వెయ్యి మందిలో ఎవరు ఇంకా ఏడుస్తున్నారో వెతికి పట్టుకోవడమే కౌన్సెలర్ ఉద్యోగం. దానికి శాలువా కప్పరు.

అదే హాల్లో అదే గంటను వేరేలా వాడితే ఏమవుతుందో యూరప్‌లో కొలిచి చూశారు. పది దేశాలు, 168 స్కూళ్లు, పదకొండు వేలకు పైగా విద్యార్థులు, సగటు వయసు పదిహేను. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఈ అధ్యయనంలో మూడు పద్ధతుల్ని పోల్చారు. ప్రమాద సంకేతాలు గుర్తుపట్టేలా టీచర్లకు శిక్షణ ఇవ్వడం మొదటిది. ప్రశ్నాపత్రంతో జల్లెడ పట్టి అవసరమైన పిల్లల్ని నిపుణుల దగ్గరికి పంపడం రెండోది. నేరుగా పిల్లలతోనే నాలుగు వారాల్లో సుమారు అయిదు గంటలు గడపడం మూడోది: మనసు బాగోలేనప్పుడు ఏమవుతుంది, స్నేహితుడు చచ్చిపోతానంటే ఏం చేయాలి, ఇంట్లో గొడవైతే ఎలా, ఇవన్నీ చిన్న చిన్న నాటికలుగా వాళ్లచేతే వేయించడం, మాట్లాడించడం. ఏడాది తర్వాత చూస్తే, ఏ పద్ధతీ అమలు చేయని స్కూళ్లతో పోల్చినప్పుడు స్పష్టమైన తేడా చూపింది మూడోది ఒక్కటే. కొత్తగా ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు ఆ స్కూళ్లలో 1.51 శాతం ఉంటే ఇక్కడ 0.70 శాతం. ముందుగా స్నేహితుడికే తెలుస్తుంది కాబట్టి స్నేహితుడికే నేర్పాలన్నది ఇందులోని కిటుకు. మన ఉదాహరణలో వాటర్ బాటిల్ సంగతి పట్టుకున్నది రూమ్మేటే.

లెక్చరరే కౌన్సెలర్ అయితే

కోర్టు ఆదేశం వచ్చాక యాజమాన్యాలకు తట్టే చవకైన ఉపాయం ఒకటుంది. బోటనీ చెప్పే మేడమ్‌కు రెండు రోజుల వర్క్‌షాప్ చేయించి, తలుపు మీద కౌన్సెలర్ అని బోర్డు పెట్టడం. ఇది ప్రైవేటు తెలివి మాత్రమే కాదు. 2020లో మొదలైన కేంద్ర ప్రభుత్వ స్కూల్ హెల్త్ కార్యక్రమం కూడా బడికి ఇద్దరు టీచర్లను హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసడర్లుగా నియమించే పద్ధతి మీదే నడుస్తోంది. టీచర్లకు పిల్లలు తెలుసు కదా, ఖర్చూ కలిసొస్తుంది కదా అనిపిస్తుంది.

బిహార్‌లోని నలంద జిల్లాలో సంగాథ్ సంస్థ ఈ ప్రశ్నకే జవాబు వెతికింది. సెహెర్ అనే కార్యక్రమం అది. ఫలితాలు 2018 డిసెంబరులో లాన్సెట్‌లో వచ్చాయి. 74 సర్కారు హైస్కూళ్లను మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపులో ఆ పనికోసమే స్థానికంగా ఒక మనిషిని తీసుకుని శిక్షణ ఇచ్చి పెట్టారు. పేరు సెహెర్ మిత్ర. డాక్టరూ కాదు, సైకాలజిస్టూ కాదు. ఇంకో గుంపులో అదే కార్యక్రమాన్ని అక్కడి టీచరుకే అదనపు బాధ్యతగా అప్పగించారు. మూడో గుంపులో ఇవేవీ లేవు. మిత్ర చేసిన పనులు చూడటానికి పెద్దవేం కావు. ప్రార్థన సమయంలో మాట్లాడటం, గోడ పత్రిక నడపడం, పేరు రాయకుండా కష్టం చెప్పుకునేలా ఒక పెట్టె పెట్టడం, గదిలో ఒక్కొక్కరితో కూర్చుని సమస్య విప్పడం. ఎనిమిది నెలల తర్వాత చూస్తే మిత్ర ఉన్న బళ్లలో కుంగుబాటు లక్షణాలు, ఏడిపించడాలు, కొట్లాటలు తగ్గాయి, బడి తమదన్న భావన పెరిగింది. టీచరుకు అప్పగించిన బళ్లలో ఏ కార్యక్రమమూ లేని బళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదే కార్యక్రమం, అవే పుస్తకాలు, మారింది మనిషి. ఈ అధ్యయనం ఆత్మహత్యల్ని నేరుగా కొలవలేదన్నది గుర్తుంచుకోవాలి. కానీ అటువైపు నడిపించే కుంగుబాటును, వేధింపును కొలిచింది.

టీచర్లు మంచివాళ్లు కాదని దీని అర్థం కాదు. మధ్యాహ్నం నీ పేపరు దిద్ది ముప్పైకి తొమ్మిది వేసిన మనిషి దగ్గరే సాయంత్రం మనసు విప్పమంటే ఏ పిల్ల విప్పుతుంది? ఆ టీచరుకైనా సిలబస్ పూర్తి కాలేదన్న బెంగ, పైనుంచి డీన్ ఒత్తిడి. క్యాంపస్ మొత్తంలో పిల్లను మార్కులతో కొలవని పెద్దమనిషి ఒక్కరైనా ఉండాలి. కౌన్సెలర్ దగ్గర డిగ్రీ ఎంత ఉందన్న దానికంటే ముందు చూడాల్సింది ఇదేనని నాకు అనిపిస్తుంది.

అలాగని డిగ్రీ అక్కర్లేదని కాదు. మన దేశంలో డాక్టరుకో లాయరుకో ఉన్నట్టు స్కూల్ కౌన్సెలర్‌కు ఒకే లైసెన్సు వ్యవస్థ స్థిరపడలేదు. ఎన్‌సీఈఆర్టీ గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్‌లో డిప్లొమా నడుపుతోంది, విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ పీజీలున్నాయి, వారాంతపు ఆన్‌లైన్ సర్టిఫికెట్లూ ఉన్నాయి. అన్నీ ఒకే విజిటింగ్ కార్డు మీద ఒకేలా కనిపిస్తాయి. సంఖ్య సంగతీ అంతే. కౌన్సెలర్‌కు 250 మంది విద్యార్థులకు మించి ఉండకూడదని అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం సిఫారసు చేస్తుంది. సుప్రీంకోర్టు నిష్పత్తి తగినట్టుగా ఉండాలంది గానీ అంకె చెప్పలేదు. రెండు వేల మంది క్యాంపస్‌లో ఒక్కరిని కూర్చోబెట్టి ఆదేశం పాటించాం అనడానికి సందు అక్కడే ఉంది.

అసలు చిక్కు జీతం ఎవరిస్తున్నారన్నది. యాజమాన్యం జీతమిచ్చే కౌన్సెలర్, ఈ సెక్షన్ల షఫ్లింగ్ పిల్లల్ని నలిపేస్తోంది, ఆపండి అని యాజమాన్యానికి చెప్పగలగాలి. తన దగ్గరున్న ఫైలు ప్రిన్సిపల్ అడిగినా ఇవ్వననగలగాలి. ఆత్మహత్యాయత్నం చేసి బతికి వచ్చిన పిల్లను టీసీ ఇచ్చి పంపేద్దాం, మనకెందుకొచ్చిన గొడవ అని అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ అంటే, కుదరదని ఎదురు నిలవగలగాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ప్రయత్నం చేసిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించరాదని, ఆదుకోవాలని చెబుతుంది. ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటి కొన్ని వారాలే అత్యంత ప్రమాదకరమైన కాలమని వైద్యం చెబుతుంది. సరిగ్గా అదే కాలంలో మన కాలేజీలు పిల్ల చేతిలో టీసీ పెడుతున్నాయి. స్నేహితులు పోయారు, చదువు ఆగింది, ఊళ్లో అందరూ అడుగుతారు. తిరిగి చేర్చుకుని, మొదటి నెల సగం క్లాసులు, టెస్టులు లేవు, రోజూ సాయంత్రం పది నిమిషాలు నాతో అని ఒక ఏర్పాటు చేయగలిగేది కౌన్సెలరే. ఆ అధికారం కాగితం మీద లేకపోతే ఆ గది ఏసీ ఉన్న అలంకారం.

కౌన్సెలర్ చేయలేనివీ ఉన్నాయి. పిల్లకు తీవ్రమైన డిప్రెషన్ ఉంటే మాటలతో పోదు, సైకియాట్రిస్టు చూడాలి. దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు పేరెత్తితే చాలు తల్లిదండ్రులు బెదిరిపోతారు, రేపు పెళ్లి సంబంధాలు ఎలా అంటారు. ఆ భయం పోగొట్టి, అపాయింట్‌మెంట్ ఇప్పించి, అవసరమైతే తనే వెంటవెళ్లడం వరకు కౌన్సెలర్ చేయగలరు. మందు రాయడం మాత్రం డాక్టరు పని.

ఏప్రిల్ నెల

మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్ ఫలితాలు ఎక్కువగా ఏప్రిల్‌లో వస్తాయి. అప్పటికి హాస్టళ్లు ఖాళీ. పిల్ల ఇంట్లో ఉంటుంది, చుట్టూ చుట్టాలు, చేతిలో ఫోను. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల ప్రాసెసింగ్‌లో తప్పులు దొర్లాయని తర్వాత తేలింది. తెలుగులో సున్నా వేసిన ఒక విద్యార్థినికి మళ్లీ చూస్తే 99 మార్కులు వచ్చాయి. 2021 డిసెంబరులో ఫస్టియర్‌లో సగం మంది పైగా తప్పితే, గొడవలయ్యాక ప్రభుత్వం అందరికీ కనీస మార్కులేసి పాస్ చేసింది. ఇన్ని చూశాక కూడా, ఫలితాల రోజున కౌన్సెలర్ ఎక్కడున్నారంటే, సెలవుల్లో.

నిజానికి ఆ ఉద్యోగానికి ఏప్రిలే పంట కాలం. ఎవరు తప్పే అవకాశముందో, తప్పితే ఎవరి ఇంట్లో అగ్గి రాజుకుంటుందో కౌన్సెలర్‌కు ఫిబ్రవరికే తెలుస్తుంది. ఆ జాబితా పట్టుకుని ఫలితాలకు ముందురోజు తల్లిదండ్రులకు ఫోన్ చేయాలి: రేపు అబ్బాయిని ఒంటరిగా వదలొద్దు, తప్పితే నెల రోజుల్లో సప్లిమెంటరీ ఉంది, సంవత్సరం పోదు, రీవెరిఫికేషన్ ఉంది, చుట్టాల ఫోన్లు మీరే ఎత్తండి. ఫలితం వచ్చిన గంటలో పిల్లకు ఫోన్ చేయాలి. ఏం వచ్చాయి అని కాదు, ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు అని అడగాలి. దీనికి అయ్యే ఖర్చు ఒక నెల జీతం, ఒక ఫోన్ రీచార్జి.

ఎంత చేసినా ఒక పిల్ల చేజారిపోయే రోజు రావచ్చు. ఆ రోజు కాలేజీలు చేసే మొదటి పని వారం రోజులు సెలవులిచ్చి హాస్టల్ ఖాళీ చేయించడం. మీడియా నుంచి, సంఘాల నుంచి తప్పించుకోవడానికి అది బాగానే పనికొస్తుంది. కానీ చనిపోయిన పిల్లతో గది పంచుకున్న ముగ్గురు అదే రాత్రి మూడు బస్సుల్లో మూడు ఊళ్లకు, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్తారు. ఒక మరణం తర్వాత దగ్గరి స్నేహితులకు ముప్పు పెరుగుతుందని ప్రపంచమంతా ఒప్పుకుంటున్న సంగతి. ఆ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టడం, మీ తప్పు కాదని చెప్పడం, తప్పేనేమోనన్న వాళ్ల భయాన్ని కొట్టిపారేయకుండా వినడం, చనిపోయిన తీరు గురించి వాట్సాప్‌లో తిరిగే కథల్ని ఆపడం, చనిపోయినామెను వీరవనితనూ చేయకుండా దోషినీ చేయకుండా మాట్లాడటం, ఇవన్నీ ఆ వారంలోనే జరగాలి. సెలవులయ్యాక కాదు.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఇప్పుడు మనసు అలా ఉంటే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అది. డబ్బులు తీసుకోరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీ గురించి కాకుండా మీ స్నేహితుడి గురించి అడగడానికి కూడా చేయొచ్చు.

ఇక తల్లిదండ్రులు. పదో తరగతి పరీక్షలు అవకముందే కార్పొరేట్ కాలేజీ పీఆర్వో మీ ఇంటికొస్తాడు. కాఫీ తాగుతూ ర్యాంకుల బ్రోషర్ తెరుస్తాడు, ఇవాళే అడ్వాన్స్ కడితే ఫీజులో రాయితీ అంటాడు. అప్పుడు కొన్ని ప్రశ్నలు అడగండి. మీ కౌన్సెలర్ పేరేమిటి? ఆవిడ పాఠాలు కూడా చెబుతారా? ఎంతమంది పిల్లలకు ఒకరు? మా అమ్మాయి ఆవిడను కలవాలంటే ఎవరి అనుమతి కావాలి? మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారా? ఏప్రిల్‌లో ఆవిడ డ్యూటీలో ఉంటారా? ఆ నంబరు ఇవ్వండి, ఇప్పుడే ఒకసారి మాట్లాడతాను అనండి. బ్రోషర్లో అవి ఉండవు కాబట్టి అతను పైవాళ్లకు ఫోన్ చేయాల్సి వస్తుంది. చేయనివ్వండి. ఒక వీధిలో పది ఇళ్లవాళ్లు ఇవే అడిగితే వచ్చే ఏడాది బ్రోషర్లో ఆ పేజీ తప్పకుండా ఉంటుంది. మన కాలేజీలకు కోర్టు కంటే అడ్మిషన్లే బాగా వినిపిస్తాయి.